మత్తు డాక్టర్ పర్యవేక్షణలో సహాయకుల పని: మన థియేటర్లలో పాటించవలసిన పద్ధతి

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇవ్వడం ఒక్కరి చేతుల మీదుగా జరిగే పని కాదు. మెషీన్ సిద్ధం చేసేవారు, మానిటర్ వైర్లు తగిలించేవారు, గొంతులోకి వేసే ఊపిరి ట్యూబు అందించేవారు, రోగిని పక్కకు తిప్పి కదలకుండా పట్టుకునేవారు ఉంటేనే మత్తు డాక్టర్ పని సవ్యంగా సాగుతుంది. ఈ సహాయకులను మన కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో అనస్థీషియా టెక్నీషియన్ అనో, ఓటీ టెక్నీషియన్ అనో, చిన్న నర్సింగ్ హోముల్లో ఊరికే ఓటీ బాయ్ అనో పిలుస్తారు. వీరికి ఏ పని అప్పగించవచ్చు, ఏ పని ఎన్నటికీ అప్పగించకూడదు, ఏ క్షణంలో డాక్టర్ చెయ్యి రోగి మీద ఉండి తీరాలి అన్న సంగతులను, ఎండీ గానీ డీఏ గానీ డీఎన్‌బీ గానీ, అంటే అనస్థీషియాలో పీజీ చదువు, ముగించుకుని ఇక్కడ ప్రాక్టీసు మొదలుపెడుతున్న యువ మత్తు డాక్టర్ల కోసం రాస్తున్నాను. సర్జన్లూ, ఆసుపత్రి నడిపేవారూ కూడా చదివితే ఈ డాక్టర్ల పని తేలికవుతుంది.

డాక్టర్ అదే భవనంలో ఎక్కడో ఉన్నారు, ఫోన్ చేస్తే వస్తారు అన్న ఏర్పాటును నేను పర్యవేక్షణగా లెక్కించను. మెదడుకు ఆక్సిజన్ అందకపోతే నష్టం నిమిషాల్లో జరిగిపోతుంది. పక్క వీధిలోని నర్సింగ్ హోము నుంచి బండి మీద వచ్చినా అంతకంటే ఎక్కువ సేపే పడుతుంది. సహాయకుడు ఏం చేయాలో ముందే నిర్ణయమై, కాగితం మీద ఉండి, ఆయన చేతికి అందేంత దూరంలో డాక్టర్ నిలబడి ఉన్నప్పుడే దాన్ని పర్యవేక్షణ అనవచ్చు.

ఎవరికి ఏ అర్హత

మన దేశంలో మత్తు ఇవ్వడం వైద్యుల పని. అనస్థీషియాలో పీజీ చేసిన డాక్టర్లు ఇస్తారు. వారు దొరకని చోట ప్రసూతి అత్యవసరాల కోసం కొందరు ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల ప్రత్యేక శిక్షణ ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం నడిపింది. ఆ శిక్షణ పొందినవారు కూడా వైద్యులే. టెక్నీషియన్ల సంగతి వేరు. వారు డిప్లొమా గానీ బీఎస్సీ గానీ చదివి, యంత్రాలను, మందులను, పరికరాలను సిద్ధం చేయడంలో, డాక్టర్‌కు చేదోడుగా నిలవడంలో నేర్పు సంపాదించినవారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తిని గుర్తించి జాబితాలో చేర్చింది. ఇది వారికి ఎప్పుడో దక్కవలసిన గౌరవమే. అయితే, సొంతంగా మత్తు ఇచ్చే అధికారం ఆ గుర్తింపుతో రాదని డాక్టర్, టెక్నీషియన్, యాజమాన్యం ముగ్గురూ తెలుసుకోవాలి.

అమెరికాలో ఒక డాక్టర్ నాలుగు థియేటర్లు చూస్తారు కదా, మనం రెండు చూస్తే ఏమిటి అని అడిగేవారు ఉంటారు. దానికి సూటిగా సమాధానం చెప్పాలి. అక్కడ మత్తు ఇవ్వడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులున్నారు. 1960ల చివర్లో రూపుదిద్దుకున్న అనస్థీషియాలజిస్ట్ అసిస్టెంట్ల కోర్సు ఉంది, అది ఈనాడు మాస్టర్స్ స్థాయి చదువు. ఈ అసిస్టెంట్లు అనస్థీషియాలజిస్టు నిర్దేశంలో మాత్రమే పనిచేస్తారు. ఆ డాక్టర్ ఏకకాలంలో నాలుగు కేసులకు మించకుండా నడిపిస్తూ, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ నిబంధనల్లోని ఏడు విధులూ నెరవేర్చాలి. ఆపరేషన్‌కు ముందు రోగిని తానే పరీక్షించాలి. మత్తు ప్రణాళిక తానే రాయాలి. మత్తులోకి పంపేటప్పుడు, మత్తు నుంచి లేపేటప్పుడు, ఇతర క్లిష్టమైన ఘట్టాల్లో స్వయంగా పాల్గొనాలి. తాను చేయని పనులను అర్హులే చేస్తున్నట్టు చూసుకోవాలి. మధ్యమధ్య తరచుగా వచ్చి గమనించాలి. ఆపద వస్తే తక్షణం చేరేలా అక్కడే ఉండాలి. ఆపరేషన్ తరువాతి సంరక్షణ కూడా చూడాలి. బ్రిటన్‌లో ఇటువంటి అనస్థీషియా అసోసియేట్లను అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ 2024 డిసెంబరు నుంచి తన రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది. ఆ దేశాల్లో రోగి తల దగ్గర ఎప్పుడూ మత్తు ఇవ్వడానికి అర్హత ఉన్న మనిషి ఒకరుంటారు, వారి పైన డాక్టర్ ఉంటారు. మన థియేటర్ నుంచి డాక్టర్ బయటికి వెళ్తే రోగి తల దగ్గర అటువంటి అర్హత ఉన్నవారెవరూ మిగలరు. కాబట్టి ఆ నిష్పత్తిని మనం అరువు తెచ్చుకోవడానికి వీల్లేదు. ఆ ఏడు విధులను మాత్రం నిస్సంకోచంగా తెచ్చుకోవచ్చు. ఒక్క కేసుకు ఒక్క డాక్టర్ ఉన్న చోట అవి మరింత సులువుగా నెరవేరుతాయి.

పనుల పట్టిక ముందే రాసి పెట్టాలి

మీరు పనిచేసే ప్రతి థియేటర్‌లో సహాయకుని పనులను తెలుగులో, ఆయన చదివి అర్థం చేసుకునే మాటల్లో, ఒక పేజీ మీద రాసి, సర్జన్ సంతకం కూడా తీసుకుని గోడకు అంటించండి. నోటి మాటగా చెప్పినది రాత్రి రెండు గంటలకు వచ్చే సిజేరియన్‌లో ఎవరికీ గుర్తుండదు.

సహాయకుడు తనంతట తాను చేయదగినవి చాలా ఉన్నాయి. మెషీన్ తనిఖీ, సిలిండర్ల లెక్క, సక్షన్, లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం) లైటు, ట్యూబుల సైజులు, మానిటర్ తగిలించడం, ఎత్తు బరువు రాయడం, రోగి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే సోడా లైమ్ రంగు మారిందేమో చూసి మార్చడం వంటివి ఆయనకే వదిలేయవచ్చు. డాక్టర్ పక్కన ఉండగా, డాక్టర్ మాట మీద చేయవలసినవి మరికొన్ని: మాస్కు పట్టుకోవడం, బ్యాగు నొక్కడం, మెడ ముందున్న మృదులాస్థిని నొక్కే క్రికాయిడ్ ఒత్తిడి పెట్టడం, ట్యూబు కఫ్‌లోకి గాలి ఎక్కించడం, ఫ్లూయిడ్ వేగం మార్చడం. ఎన్నటికీ అప్పగించకూడనివి మత్తు మందు ఎక్కించడం, కండరాలు సడలించే మందు ఇవ్వడం, ట్యూబు వేయడం, తీయడం, వెన్నులోకి సూది వేయడం, మత్తు ఆవిరి మోతాదును మార్చే వేపరైజర్ డయల్ సొంత నిర్ణయంతో తిప్పడం. టెక్నీషియన్‌కు చేతి నేర్పు బాగుంది, నాకంటే బాగా ట్యూబు వేస్తాడు అని మెచ్చుకోలుగా అనే డాక్టర్లు ఉన్నారు. ట్యూబు పడనప్పుడు ఏం చేయాలో నిర్ణయించే చదువు ఆ చేతికి తోడుగా లేనప్పుడు ఆ మెచ్చుకోలు అతనికీ, రోగికీ కూడా ప్రమాదమే తెస్తుంది.

సిరంజిలు, ఆంప్యూళ్లు

పర్యవేక్షణ లోపం ప్రాణం తీసేది ఎక్కువగా ఇక్కడే కనుక దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలబడతాను. మందును ఆంప్యూల్ (చిన్న గాజు మందు సీసా) నుంచి సిరంజిలోకి తీయడం మామూలు పనిలా కనిపిస్తుంది, అందుకే అది మెల్లగా టెక్నీషియన్ పని అయిపోతుంది. ఆయన తీస్తే తప్పని నేను అనను. లేబుల్ లేని సిరంజి ట్రేలో ఉండటం తప్పు. సిరంజి మీద మందు పేరు, ఒక మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములు, తీసిన తేదీ, సమయం, తీసినవారి పేరులో మొదటి అక్షరం ఉండాలి. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న రంగులను పాటిస్తే కంటికి మరో రక్ష దొరుకుతుంది: మత్తులోకి పంపే మందులకు పసుపు, కండరాల సడలింపు మందులకు ఎరుపు, మార్ఫిన్, ఫెంటనిల్ వంటివాటికి నీలం, బీపీ పెంచే మందులకు ఊదా, ఒక్క భాగాన్నే మొద్దుబార్చే లోకల్ మందులకు బూడిద, అట్రోపిన్ వంటివాటికి ఆకుపచ్చ.

వెన్నులోకి ఇచ్చే మందు విషయంలో నియమం ఇంకా కఠినంగా ఉండాలి. వెన్ను మత్తుకు వాడే హెవీ బుపివకేన్ ఆంప్యూల్, రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంప్యూల్ చూడటానికి ఒకేలా ఉన్న కంపెనీలు ఉన్నాయి. సిజేరియన్ థియేటర్‌లో ఆ రెండూ ఒకే ట్రేలోకి చేరడం తేలిక. ట్రానెక్సామిక్ యాసిడ్ వెన్నులోకి వెళ్తే నడుములో, కాళ్లలో భరించరాని నొప్పి మొదలై, మూర్ఛలు వచ్చి, గుండె లయ తప్పుతుంది. ఇలా అనేక దేశాల్లో తల్లులు చనిపోవడం వల్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. కాబట్టి ట్రానెక్సామిక్ యాసిడ్‌ను మత్తు ట్రాలీ మీద ఉంచనే కూడదు. నర్సింగ్ స్టేషన్ వైపున, వేరే డబ్బాలో, పెద్ద అక్షరాల చీటీతో ఉండాలి. స్పైనల్ మందును, అంటే వెన్నులోకి ఇచ్చేదాన్ని, డాక్టరే తీయాలి. సహాయకుడు ఆంప్యూల్ తల విరిచే ముందు, లేబుల్ డాక్టర్ కళ్లకు ఎదురుగా ఉండేలా పట్టుకోవాలి. డాక్టర్ మందు పేరు, శాతం పైకి చదవాలి, సహాయకుడు అదే తిరిగి చదివి గడువు తేదీ చెప్పాలి. ఆ తరువాతే విరవాలి. ఖాళీ ఆంప్యూల్‌ను స్పైనల్ పనిచేసిందని తేలేవరకు పారేయకూడదు. దీనికి పట్టే సమయం అర నిమిషమైనా కాదు.

ఉదయం తనిఖీ

మొదటి కేసుకు ముందు మెషీన్ తనిఖీని సహాయకుడు చేస్తాడు, డాక్టర్ ఆ తనిఖీని చూస్తారు. చేశానన్న మాట మీద ఆగిపోకుండా రెండు మూడు అంశాలను మీ చేత్తో పరీక్షించాలి. సర్క్యూట్ మూసి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడండి, సక్షన్ గొట్టం మీ అరచేతికి పెట్టుకుని లాగుతుందో లేదో చూడండి, అంబు బ్యాగ్ మెషీన్‌కే వేలాడుతోందా అన్నది చూడండి. కరెంటు, గ్యాసు, మెషీన్ మూడూ పోయినా రోగికి ఊపిరి అందించేది ఆ బ్యాగే.

సిలిండర్‌లో ఎంత ఆక్సిజన్ మిగిలిందో లెక్క కట్టడం సహాయకునికి నేర్పి తీరాలి. మన దగ్గర వాడే బీ టైపు సిలిండర్‌లో సుమారు 10 లీటర్ల నీరు పడుతుంది. గేజీ మీది ఒత్తిడి అంకెను (చదరపు సెంటీమీటరుకు కేజీల్లో) ఆ 10తో గుణిస్తే మిగిలిన ఆక్సిజన్ లీటర్లలో వస్తుంది. గేజీ 50 చూపిస్తే 500 లీటర్లు. నిమిషానికి 8 లీటర్లు వాడితే గంట సేపు వస్తుంది, అంతే. నైట్రస్ ఆక్సైడ్‌కు ఈ లెక్క పనికిరాదు. అది లోపల ద్రవంగా ఉంటుంది కనుక ద్రవం ఉన్నంతసేపూ గేజీ కదలదు, ద్రవం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. గేజీ నిండుగా ఉంది సార్ అన్న మాట ఆక్సిజన్ విషయంలో నిజమే కావచ్చు, నైట్రస్ విషయంలో నమ్మదగినది కాదు.

ఎండాకాలంలో కర్నూలు, నంద్యాల వైపు ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. కండరాలు సడలించే స్కోలిన్, అట్రాక్యూరియం వంటి మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు పోయిన సమయాన్ని, ఫ్రిజ్ లోపలి ఉష్ణోగ్రతను పొద్దున, సాయంత్రం ఒక పుస్తకంలో రాసే పని సహాయకునిది, వారానికి ఒకసారి ఆ పుస్తకం చదివి సంతకం చేసే పని డాక్టర్‌ది. స్కోలిన్ ఇచ్చినా పనిచేయలేదని థియేటర్‌లో తెలుసుకోవలసిన అవసరం రాకూడదు.

రోగిని చూడటం డాక్టర్ పనే

ఎత్తు, బరువు, ఎలర్జీలు, ఆఖరుసారి తిన్న సమయం సహాయకుడు అడిగి రాయవచ్చు. కానీ అడిగే తీరు నేర్పాలి. ఏమైనా తిన్నారా అని అడిగితే మన పల్లెల వాళ్లు అన్నం గురించో సంగటి గురించో అడిగారనుకుంటారు. “ఏం తిన్లేదు సార్, రోంత కాఫీ తాగినా అంతే” అన్న జవాబు మూడో ప్రశ్నకు గానీ రాదు. అందుకని పేరు పేరునా అడగాలి: నీళ్లు ఎప్పుడు తాగినావమ్మా, కాఫీ, మజ్జిగ ఏమైనా తాగినావా, బిడ్డకు పాలు ఎప్పుడు పట్టినావు, రాత్రి ఏం తిన్నావు? నీళ్లకు 2 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, పాలు కలిసిన కాఫీకీ, తేలికపాటి టిఫిన్‌కీ 6 గంటలు, నూనె వంటలకూ మాంసానికీ 8 గంటలు విరామం కావాలి. ఈ నాలుగు అంకెలు సహాయకునికి నోటికి వచ్చి ఉండాలి.

మిగిలిన పరీక్ష అంతా మీదే. ముఖ్యంగా మన ప్రాంతంలో రెండు విషయాలను ఎవరికీ వదిలేయవద్దు. అనంతపురం, కడప జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ల పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లలో వెన్నుపూసల మధ్య బంధనాలు గట్టిపడి ఉంటాయి. స్పైనల్ సూది దిగదు, మెడ వెనక్కి వంగదు, అంటే నడుముకు మత్తు కుదరకపోతే ట్యూబు కూడా కష్టమయ్యే మనిషి అన్నమాట. ముందు రోజే మెడ వంచి చూసి ఉంటే బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ), ఎల్‌ఎంఏ (గొంతు లోపల కూర్చునే మాస్కు), వీడియో లారింగోస్కోప్ సహాయకుని చేతికి అందేలా ఉంటాయి. రెండోది, పురుగుమందు. పత్తి, మిరప మీద మందు కొట్టే కుటుంబాల్లో ఆర్గానోఫాస్ఫేట్ ఒంటికి పట్టినవారు, తాగి బతికి బయటపడినవారు కూడా ఉంటారు. స్కోలిన్‌ను విరగ్గొట్టే కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ వారి రక్తంలో తగ్గి ఉంటే, కొద్ది నిమిషాల్లో వీడిపోవలసిన స్కోలిన్ ప్రభావం గంటల తరబడి నిలుస్తుంది. ఈ ప్రశ్నను ఇంటివాళ్లను బయటికి పంపి, రోగిని ఒంటరిగా, మర్యాదగా, మీరే అడగాలి.

మత్తులోకి పంపేటప్పుడు

ఈ ఘట్టంలో డాక్టర్ తల దగ్గర, సహాయకుడు డాక్టర్ కుడివైపున, ఇద్దరూ మరే పనీ పెట్టుకోకుండా ఉండాలి. సర్జన్ లైటు సర్దమన్నా, టేబుల్ దించమన్నా ఆ పనికి వేరే మనిషిని పిలవాలి. 3 నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్ ఇస్తూ ఉండగా, డాక్టర్ తన ప్రణాళికను సహాయకునికి పైకి చెప్పాలి: ముందు 7.5 ట్యూబు, పడకపోతే బూజీ, అదీ కుదరకపోతే ఎల్‌ఎంఏ, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 92కు దిగితే ప్రయత్నం ఆపి మాస్కు. తన తరువాతి కదలిక ఏమిటో ముందే తెలిసిన సహాయకుడు వెతుక్కోడు.

ట్యూబు వేశాక మానిటర్ మీద కార్బన్ డయాక్సైడ్ అల వచ్చి, వరుసగా కొన్ని ఊపిరులకు నిలవాలి. అల రాకపోతే ట్యూబు అన్నవాహికలో ఉందనే భావించి తీసేయాలి. గాలి వినిపిస్తోంది, ఛాతీ లేస్తోంది అన్న సమాధానాలు దీని ముందు నిలవవు. “సార్, అల రాలేదు” అని పైకి చెప్పే హక్కు సహాయకునికి ఇవ్వండి. ఇచ్చానని నోటితో చెప్పడంతో సరిపోదు. మొదటిసారి అతను చెప్పినప్పుడు మీ ముఖం ఎలా పెట్టారన్నదాన్ని బట్టే రెండోసారి అతను చెప్తాడా లేదా అన్నది తేలుతుంది. మన దగ్గర పెద్ద డాక్టర్‌కు ఎదురు చెప్పకపోవడాన్ని మర్యాద అనుకుంటారు. థియేటర్‌లో ఆ మర్యాద రోగి ప్రాణం మీదికి వస్తుంది.

మధ్యలో కదలకూడదు

అమెరికన్ అనస్థీషియాలజిస్టుల సొసైటీ 1986లో ఆమోదించిన మానిటరింగ్ ప్రమాణాల్లో మొట్టమొదటిది, మత్తు సాగినంతసేపూ అర్హత ఉన్న మత్తు వైద్య సిబ్బంది గదిలోనే ఉండాలన్నది. పల్స్ ఆక్సిమీటర్, ఈసీజీ, బీపీ అన్నీ దాని తరువాతే వస్తాయి. అంతకు దాదాపు వందేళ్ల ముందే, హైదరాబాదులో 1888, 1889లలో నిజాం ప్రభుత్వం జరిపించిన క్లోరోఫారం కమిషన్ల కాలంలో, అక్కడి వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారం ఇచ్చేవారి దృష్టి అంతా ఊపిరి మీదనే ఉండాలని పట్టుబట్టాడు. గుండె గురించి ఆయన చేసిన తీర్మానాలు తరువాత నిలవలేదు గానీ, మత్తు ఇచ్చేవాడు రోగి ఊపిరి నుంచి చూపు మళ్లించకూడదన్న మాట ఈనాటికీ చెల్లుతుంది.

మన పట్టణాల్లో ఈ నియమం తప్పడానికి కారణం డబ్బు ఏర్పాటులోనే ఉంది. మత్తు డాక్టర్‌కు కేసుకు ఇంత అని ఇస్తారు. ఇద్దరు సర్జన్లు ఒకే సమయానికి రెండు చోట్ల కేసులు పెట్టుకుంటారు. మధ్యలో ఒకే డాక్టర్ నలిగిపోతారు. స్పైనల్ ఇచ్చి, టెక్నీషియన్‌ను కూర్చోబెట్టి, పక్క నర్సింగ్ హోముకు పోవడం ఇలాగే అలవాటవుతుంది. స్పైనల్‌లో రోగి మాట్లాడుతూనే ఉంటారు కనుక ప్రమాదం లేదన్న భ్రమ సర్జన్లలో బలంగా ఉంది. నిజానికి సూది వేసిన తరువాతి తొలి 20 నిమిషాల్లో మత్తు పైకి పాకుతూ ఉంటుంది, బీపీ పడుతుంది, నాడి మందగిస్తుంది. సిజేరియన్‌లో బిడ్డ బయటికి వచ్చాక గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్ వేగంగా ఇస్తే బీపీ మళ్లీ పడుతుంది. మత్తు మెడ దాకా ఎక్కితే తల్లి గొంతు సన్నబడి, చేతివేళ్ల పట్టు పోయి, ఊపిరి ఆడటం లేదని చెప్పలేని స్థితికి వస్తుంది. దీన్ని గుర్తుపట్టి, ట్యూబు వేసి, మందులిచ్చి నిలబెట్టగలిగినవారు ఆ గదిలో డాక్టర్ ఒక్కరే.

కాబట్టి ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజే సర్జన్లకు చెప్పండి: ఒక కేసు ముగిసి, రోగి రికవరీలో కుదుటపడ్డాకే రెండో చోటికి వస్తాను, మీ జాబితా సమయాలను ఆ ప్రకారం పెట్టండి. వేరే మత్తు డాక్టర్ వచ్చి, రోగి వివరాలు విని, బాధ్యత అందుకుంటేనే తప్ప గది విడవద్దు. ఇలా అంటే కేసులు పోతాయన్న భయం సహజం. కొన్ని పోతాయి కూడా. అయినా పట్టణంలోని మత్తు డాక్టర్లందరూ కలిసి ఒకే మాట మీద నిలబడితే సర్జన్లు సమయాలు సర్దుకుంటారు. ఎందుకంటే మత్తు డాక్టర్ లేకుండా వారి పని సాగదు.

డాక్టర్ గదిలోనే ఉన్నా, కళ్లు చార్టు మీదో మందుల మీదో ఉండే క్షణాలు ఉంటాయి. అందుకోసం సహాయకునికి అంకెలు ఇచ్చి పెట్టండి. శాచురేషన్ 94 కంటే దిగినా, పై బీపీ 90 కంటే దిగినా, సిజేరియన్ అయితే 100 కంటే దిగినా, నాడి 50 కంటే తగ్గినా 120 దాటినా, కార్బన్ డయాక్సైడ్ అల ఆకారం మారినా పోయినా, వెంటిలేటర్ ఒత్తిడి 30 దాటినా పిలవాలి. పిలిచే పద్ధతి కూడా స్థిరంగా ఉండాలి. సార్, ఒకసారి చూస్తారా అన్న మాటలో తొందర వినిపించదు. “సార్, పై బీపీ 75, నాడి 48” అని అంకెలతో చెప్పాలి. డాక్టర్ “75, 48, విన్నాను” అని బదులివ్వాలి. అలారం మోతను సహాయకుడు తనంతట తాను ఆపకూడదు.

లేపడం, తరలించడం, రికవరీ

మత్తు నుంచి లేపే సమయానికి సర్జన్ చేతి తొడుగులు విప్పేస్తుంటాడు, నర్సులు పరికరాలు లెక్కపెడుతుంటారు, గదిలో మాటలు పెరుగుతాయి. ట్యూబు తీసేటప్పుడు కూడా వేసేటప్పటిలాగే సహాయకుడు డాక్టర్ పక్కన, సక్షన్ పని చేస్తూ, మాస్కు చేతిలో సిద్ధంగా ఉండాలి. కండరాల పట్టు ఎంత తిరిగి వచ్చిందో అంకెల్లో కొలిచే నెర్వ్ స్టిమ్యులేటర్ ఉన్న చోట నాలుగు స్పందనల నిష్పత్తి 0.9కు చేరాకే ట్యూబు తీయండి. లేని చోట యాజమాన్యాన్ని అడిగి తెప్పించండి.

థియేటర్ నుంచి రికవరీకి రోగిని సహాయకుడు ఒక్కడే తోసుకుపోవడం నేను ఒప్పుకోను. డాక్టర్ తల వైపు నడవాలి, ఆక్సిజన్, పల్స్ ఆక్సిమీటర్ రోగితోపాటే రావాలి. రికవరీ నర్సుకు ఏ మత్తు, ఏ మందులు, ఎంత రక్తం పోయింది, దేనికి భయపడాలి అన్న నాలుగు మాటలు డాక్టరే చెప్పాలి. అక్కడ కనీసం తొలి అరగంట ప్రతి 5 నిమిషాలకు బీపీ, శాచురేషన్ రాయించాలి.

సహాయకునికి నేర్పవలసినవి

పర్యవేక్షణలో శిక్షణ కూడా భాగమే. నెలకు ఒక మధ్యాహ్నం, కేసులు లేని వేళ, ఖాళీ టేబుల్ మీద ఒక ఆపదను అభినయించి చూడండి. ట్యూబు పడని పరిస్థితి ఒక నెల, గుండె ఆగిన పరిస్థితి ఒక నెల, ఆక్సిజన్ పైపు ఆగిన పరిస్థితి ఒక నెల. నరాల బ్లాకులు ఇచ్చే చోట లోకల్ మందు రక్తంలోకి పోయిన పరిస్థితిని తప్పక అభ్యసించాలి. దానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రవం) ఎక్కడుందో సహాయకునికి కళ్లు మూసుకున్నా తెలియాలి. కేజీకి 1.5 మిల్లీలీటర్లు, అంటే 70 కేజీల మనిషికి సుమారు 100 మిల్లీలీటర్లు ముందుగా ఇవ్వాలన్న లెక్క ఆ డబ్బా మీదే రాసి ఉండాలి. ప్రభుత్వ వైద్య కళాశాలలున్న కర్నూలు, అనంతపురం, కడపలలో మీ సహాయకులను కొద్ది రోజులు పెద్ద థియేటర్లలో నిలబెట్టి చూపించే ఏర్పాటు కోసం అక్కడి విభాగాలను అడగడానికి మొహమాటపడవద్దు. రాత్రి రెండు సిజేరియన్లు చేసిన టెక్నీషియన్‌నే పొద్దున ఎనిమిదింటి జాబితాకు నిలబెట్టవద్దని యాజమాన్యానికి చెప్పవలసింది కూడా మీరే, ఎందుకంటే అతను ఆ మాట చెప్పుకోలేడు.

రాతకోతలు

మత్తు చార్టును కేసు జరుగుతుండగానే నింపాలి. ముందే నింపి పెట్టుకునే అలవాటు, కేసు అయ్యాక అన్నీ మామూలే అని గీతలు గీసే అలవాటు రెండూ చెడ్డవే. సహాయకుడు అంకెలు చదివితే డాక్టర్ రాయవచ్చు, లేదా సహాయకుడు రాస్తే డాక్టర్ ప్రతి పావుగంటకూ చూసి సంతకం చేయవచ్చు. చార్టు మీద సహాయకుని పూర్తి పేరు ఉండాలి. సమ్మతి పత్రం గురించి రోగితో మాట్లాడవలసింది డాక్టరే. నర్సు చేత వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి అనిపించుకోదు. ఫెంటనిల్, మార్ఫిన్ బీరువా తాళం టెక్నీషియన్ జేబులో ఉండకూడదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద వాటి లెక్కకు బాధ్యులెవరో రాతపూర్వకంగా ఉండాలి, మిగిలిన మందును ఇద్దరి ఎదుట పారబోసి పుస్తకంలో ఇద్దరూ సంతకం చేయాలి.

2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం, వైద్య ప్రక్రియలో నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే రిజిస్టర్డ్ వైద్యునికి రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా పడవచ్చు. సహాయకుడు చేసిన పని మీ పేరు మీద జరిగిన పనే అవుతుంది. నేను చెప్పలేదు, అతనే ఇచ్చాడు అన్న మాట అక్కడ మిమ్మల్ని కాపాడదు. అనుకోనిది ఏదైనా జరిగితే, అదే రోజు, ఇంటికి వెళ్లకముందే, సహాయకునితో కూర్చుని ఏ నిమిషంలో ఏం కనిపించింది, ఎవరు ఏం చెప్పారు, ఏ మందు ఎంత ఇచ్చారు అన్నది ఇద్దరి జ్ఞాపకాలనూ పక్కపక్కన పెట్టి రాయండి, మానిటర్‌లో నిలవ ఉన్న అంకెల పట్టికను ముద్రించి దానికి జతచేయండి, వాడిన ఆంప్యూళ్లను, సిరంజిలను కవరులో పెట్టి సీలు వేయించండి. రోగి బంధువులతో మాట్లాడేటప్పుడు సర్జన్, మీరు కలిసి వెళ్లండి. సహాయకుణ్ణి ముందుకు తోయవద్దు.